చెరువుకు మోసుకెళ్లిన నీళ్లు

మా అమ్మకు ఈత వచ్చు. ధర్మవరంలో మా వీధిలో ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. పట్టుచీరలు నేసే ఇళ్లలో ఆడవాళ్లకు పోగు అతకడం వచ్చు, కండెలు చుట్టడం వచ్చు, తెగిన జరీ పోగును కళ్లు మూసుకుని వేలితో తడిమి పట్టుకోవడం వచ్చు. ఈత రావాలంటే మాత్రం ముందు నీళ్లుండాలి కదా. మా వీధి పిల్లలకు తెలిసిన నీళ్లాట ఒక్కటే. ఎప్పుడైనా నాలుగు చినుకులు రాలితే బయటికి పరిగెత్తి, ఆకాశం వైపు నోరు తెరిచి నిలబడేవాళ్లం.

అమ్మది తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె. పెళ్లయి మా ఊరు వచ్చేదాకా ఆమెకు రోజూ ఏట్లోనే స్నానమట. వేసవిలో అవతలి గట్టు దాకా ఈదుకుంటూ పోయి, ఆ తోటలో దోసకాయలు తెంపి కొంగులో ముడేసుకుని తిరిగి వచ్చేదట. ఈ కథ నాకు వందసార్లయినా చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ మా అవ్వ, అంటే నాయన తల్లి, దగ్గర్లో లేకుండా చూసుకుని చెప్పేది. ఒకవేళ వినబడిందా, అవ్వ అక్కడినుంచే అందుకునేది.

"మీ ఊర్లో ఏరు ఉండాదని మాకు రోజూ చెప్పాల్సిన పన్లేదు. ఈడికొచ్చినాక ఈడి మాదిరి ఉండాల."

అమ్మ ఊళ్లో ఏరు ఉండడం అవ్వ దృష్టిలో ఒక రకమైన పొగరు.

మా ఇంట్లో నీళ్ల సంగతి చెబితే గానీ తర్వాతి భాగోతం అర్థం కాదు. వంటింటి మూల నాలుగు ఇత్తడి బిందెలు వరుసగా ఉండేవి. మొదటి మూడూ వాడుకోవడానికి. నాలుగోదానికి పళ్లెం మూత పెట్టి, మూత మీద చెంబు బోర్లించి ఉంచేవాళ్లు. దాని పేరు రేపటి బిందె. మర్నాడు బావి దగ్గర నీళ్లు దొరుకుతాయో లేదో, కనుక ఆ బిందె ముట్టుకోకూడదు. మర్నాడు నీళ్లు దొరికితే పాతవి పక్క బిందెలోకి వంచి, కొత్త నీళ్లు మళ్లీ దాంట్లో నింపి మూత పెట్టేవాళ్లు. అంటే ఆ బిందెలో ఉన్న నీళ్లను ఆ బిందెలోంచి తాగిన మనిషి మా ఇంట్లో లేడు. దాహమై నేనొకసారి మూత తీశానని అవ్వ ఒంటికాలి మీద లేచింది. ఆ పూటంతా ఇంట్లో ఎవరి మొహమూ సరిగ్గా లేదు.

డెబ్బైల మధ్యలో, నాకు పది పదకొండేళ్ల వయసులో, తుపాను పట్టుకుని మూడు రోజులు కురిసింది. చిత్రావతి పొంగింది. నేను పుట్టాక మొదటిసారి మా ఊరి చెరువు నిండి మరువ పారింది. నిండగా మిగిలిన నీళ్లు అలుగు మీదుగా దూకడాన్ని మావైపు మరువ పారడం అంటారు. ఆ మాట వినబడగానే ఊళ్లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. పసుపు కుంకుమలూ, టెంకాయలూ పట్టుకుని ఊరు ఊరంతా కట్ట మీదికి ఎక్కింది. గంగమ్మకు పూజ చేసి, ఆడవాళ్లు రవికె గుడ్డలు నీళ్లలో వదిలారు. మా అవ్వ రెండు చేతులూ జోడించి కన్నీళ్లు పెట్టుకుంది. అవ్వ ఏడవడం నేను చూసింది అప్పుడే.

అందరూ దండాలు పెడుతుంటే అమ్మ మాత్రం నాయన పట్టుపోగును వేళ్ల మధ్య నలిపి చూసినట్టు ఆ నీళ్లను పరీక్షగా చూస్తూ నిలబడింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుంది.

"పాపా, ఆ పక్క వాగొచ్చి కలిసే తావు చూడు. ఇసుక మేట వేసిండాది. ఒడ్డు మెల్లగా పల్లానికి దిగుతాది, గుంతలుండవు. ఖాళీ బిందె బోర్లించి పట్టుకుంటే మునగవు. ఒక్క దినం చాలు, నీకు ఈత నేర్పిస్తా. నేను గూడా ఒక్కసారి ఈదుకోని వస్తా. మీ నాయన్ను అడుగు."

నాయన అక్కడే, చెయ్యి చాపితే తగిలే దూరంలో ఉన్నాడు. కానీ అవ్వ ఎదుట అమ్మ నాయనతో నేరుగా మాట్లాడేది కాదు. ఆయనా అంతే. ఇద్దరూ ఒకే మగ్గం మీద, ఒకే చీరకు రెండు పక్కలా కూచునేవాళ్లు. మాటలు మాత్రం నా ద్వారా పోవాలి. "మీ నాయన్ను అడుగు", "మీ యమ్మకు చెప్పు". ఇద్దరికీ వినబడిన మాటనే నేను మళ్లీ ఒకసారి చెప్పాలి, లేకపోతే అది చేరినట్టు కాదు. నాకు మాటలు వచ్చినప్పటినుంచీ అదే ఉద్యోగం.

నేను అడిగాను. నాయన వెంటనే ఒప్పుకున్నాడు కూడా.

"అట్లే పోదాం. ఈ పొద్దు జనం జాస్తి ఉండారు. ఒక దినం తీరిగ్గా, ఇంట్లో అందరం బువ్వ కట్టుకోని పోదాం. తొందరేముండాది? చెరువు యాడికి పోతాది?"

చెరువు యాడికి పోతాది! ఈ మూడు మాటలూ ఆ తర్వాత నాలుగు నెలలు నా చెవుల్లో ఇల్లు కట్టుకుని కాపురమున్నాయి.

అసలు పోవలసింది ఆ మర్నాడే. చెరువు నిండిన ఊటకు మా మగ్గం గుంతలోకి నీళ్లు ఉబికాయి. మాది గుంత మగ్గం. నేసేవాళ్లు నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని కూచోవాలి. ఆ గుంతలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. చెమ్మకు పట్టు సాగిపోతుంది కాబట్టి నాలుగు రోజులు నేత లేదు. మగ్గం ఆగింది, చెరువు నిండింది, చిత్రాన్నానికి నిమ్మకాయలు ఇంట్లోనే ఉన్నాయి. ఇంతకన్నా మంచి ముహూర్తం ఎవరు పెట్టిస్తారు? కానీ మా నాయన ఆ నాలుగు రోజులూ గుంతలో నీళ్లు తోడాడు. సాయంత్రానికి తోడేస్తే తెల్లారేసరికి మళ్లీ ఊరేవి. వాటంతట అవే ఇంకిపోతాయని పక్కింటాయన చెప్పినా వినలేదు. ఆయన తోడి అందిస్తే అమ్మ మోసేది. తోడిన నీళ్లు పారబోస్తుంటే అవ్వకు ప్రాణం పోయినంత పనయింది.

"బంగారట్ల నీళ్లు. పార పోయొద్దండి. తొట్లో పోయండి, పాత్రలన్నా కడుక్కోవచ్చు."

చెరువులో ఈదవలసిన మనిషి ఆ విధంగా నాలుగు రోజులు మగ్గం గుంత నీళ్లలో నిలబడింది. గుంత ఆరింది. ఆరిన పూటే నాయన మగ్గం ఎక్కాడు.

ఇక చీర. ఎవరిదో పెళ్లి చీర, రెండు పక్కలా వేరే రంగు అంచు. అలాంటి చీర ఒక్కరే నెయ్యలేరు. ఒక పక్క అంచుకు నాయన అడ్డపోగు చుట్టిన నాడె వేస్తే, అవతలి అంచుకు అమ్మ వెయ్యాలి. అమ్మ లేస్తే మగ్గం ఆగినట్టే. "కొంగు పడినాక పోదాం" అని నాయన అన్నాడు, అంటే చీర చివరికి వచ్చాక. సరే, కొంగు పడింది. "పడుగు మీద ఇంగో చీర ఉండాది. అది గూడా కోసినాక నెమ్మదిగా పోదాం" అన్నాడు. నేసేవాడి ఇంట్లో పడుగు మీద ఇంకో చీర లేని రోజు ఎప్పుడొస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. పాతది అయిపోయేలోపే కొత్త పడుగు పోగులు దానికే అతుకుతారు మరి.

అమ్మ అమావాస్య కోసం చూసింది. ఆ ఒక్క రోజు మా దగ్గర మగ్గానికి సెలవు. నాలుగు రోజుల ముందే నా చేత నాయనకు గుర్తు చేయించింది. ఆయన తల ఊపాడు. నేను ఎగిరి గంతేసి అవ్వ దగ్గర వాగాను. అదే నా తప్పు.

"అమాస దినం ఆడపిల్లను నీళ్లకాడికి పిల్చుకోని పోతారా? మీకు బుద్ధి ఉండాదా?" అని అవ్వ లేచింది.

ఇంకేముంది, మళ్లీ మొదటికొచ్చింది. తీరిక ఉన్న రోజు పోకూడదు, పోదగిన రోజు తీరిక లేదు. ఏ దేవుడు కూర్చుని ఈ లెక్క వేశాడో అని పళ్లు నూరుకున్నాను. పదకొండేళ్ల పిల్లకు అంత కోపం ఎక్కడినుంచి వచ్చేదో గానీ, ఆ రోజు నేను అన్నం తినలేదు. ఎవరూ బతిమాలలేదు కూడా.

ఆ పైన ముదిగుబ్బ అత్త. ఆమె నాయనకు తోడబుట్టిన అక్క. ఆమెను వదిలేసి అందరం చెరువుకు పోయి వచ్చామని తెలిస్తే బతికినంత కాలం ఎత్తిపొడుస్తుందని నాయనకు భయం. నా చేతే కార్డు రాయించాడు. వారం తర్వాత జవాబొచ్చింది. చెనక్కాయలు పీకుతాండారట, అయినాక వస్తుందట, తనను ఇడ్సిపెట్టి పోవద్దట. పీకడం అయ్యేసరికి కాయ వలవాలట. ఆ తర్వాత గొర్రెలు ఈనుతున్నాయట. ఒక్కో కార్డుకూ ఒక్కో పదిహేను రోజులు. ముదిగుబ్బలో గొర్రె ఈనితే ధర్మవరంలో మేం స్నానం మానుకోవాలి. ఈ న్యాయం గురించి నేను అడిగితే, "పెద్దల మాటల్లో ఏలు పెట్టొద్దు" అని జవాబు.

అమ్మ సాయంత్రం పూట మిద్దె ఎక్కేది. ఎండిన బట్టలు తెచ్చే నెపంతో పోయి చాలాసేపు దిగేది కాదు. మా మిద్దె మీదినుంచి ఇళ్ల సందులో చెరువు కొంచెం కనబడేది. మొదట్లో అది కట్ట మీది తుమ్మచెట్ల మొదళ్ల దాకా మెరిసేది. తర్వాత చెట్లకూ మెరుపుకూ మధ్య ఒక నల్లటి చార వచ్చింది. ఆ చార రోజురోజుకూ వెడల్పయింది.

"నిన్నటికన్నా సన్నగయింది పాపా. మీ నాయనకు చెప్పు. ఏరయితే వస్తానే ఉంటాది. చెరువు అట్ల కాదు. నిండిన దినంనుంచీ పోతానే ఉంటాది."

నేను కిందికి దిగి ఆ మాట అట్లాగే చేరవేశాను. నాయన నాడె మీదినుంచి చూపు తిప్పకుండా నవ్వాడు.

"అన్ని నీళ్లు తాగేసేవాళ్లు ఎవరంట? రెండేండ్లయినా ఉంటాది. చెరువు యాడికి పోతాది?"

అన్ని నీళ్లూ తాగేది కట్ట కింది మళ్లు. తూములు ఎత్తి పగలూ రేయీ పారిస్తున్నారు. పైన ఎండ తాగుతోంది. ఈ సంగతి ఏటి ఒడ్డున పుట్టిన అమ్మకు తెలిసింది గానీ ఇక్కడే పుట్టి పెరిగిన నాయనకు తెలియలేదు. చాలా రోజులు నాకిది వింతగా ఉండేది. తర్వాత తెలిసింది, అందులో వింతేమీ లేదని. మా వాళ్లకు నీళ్లను వాడుకోవడం చేతకాదు, దాచుకోవడమే చేతనవును. ఇంట్లో బిందెకు పళ్లెం మూత పెట్టినట్టు ఊరి చెరువుకు కూడా మనసులోనే మూత పెట్టేశారు. ఉంది కదా, ఉండనీ, రేపటికి. మా నాయన చెడ్డవాడు కాదు. అమ్మను పోవద్దని ఒక్కనాడూ అనలేదు. అని ఉంటే బాగుండేది, అమ్మ ఎదురు తిరిగేదేమో. ప్రతిసారీ "అట్లే పోదాం" అన్నాడు. అలా అనేవాణ్ని ఏమని తిట్టాలి?

శివరాత్రి దాటి ఎండలు ముదిరాక ముదిగుబ్బ అత్త బస్సు దిగింది. మర్నాడే ప్రయాణం. అమ్మ ఇంకా చీకటి ఉండగానే లేచి చిత్రాన్నం కలిపింది, పెరుగన్నం కలిపింది, చెనక్కాయల ఊరుబిండి నూరింది. జట్కా వచ్చి వాకిట్లో నిలబడింది. అందరం ఎక్కబోతుండగా అమ్మ వంటింట్లోంచి ఖాళీ బిందె చంకనెత్తుకుని వచ్చింది. నాకు ఈత నేర్పడానికి. అవ్వ గడప దగ్గర రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఏం మనిషివే నువ్వు? బయల్దేరేటప్పుడు ఖాళీ బిందెత్తుకోని గడప దాటుతావా? ఇల్లు ఏం కావాల?"

"ఈతకు కావాల అత్తా, దాన్ని బోర్లించి..."

"బోర్లించేది అంతకన్నా చెడ్డది!"

ముదిగుబ్బ అత్త వచ్చి ముక్కు మీద వేలేసుకుంది. నాయన జట్కా దగ్గరినుంచి "ఏమాయె?" అన్నాడు. నేనే పోయి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి తీర్పు చెప్పాడు.

"దానికేముండాది? నిండుగా తీస్కపోదాం. నిండు బిందె శుభమే గదా."

నింపడానికి ఇంట్లో వేరే నీళ్లు లేవు. అవ్వ తనే వంటింట్లోకి వెళ్లి, రేపటి బిందె మీది చెంబు తీసి, పళ్లెం తీసి, ఆ నీళ్లన్నీ ఈ బిందెలోకి వంచింది. నా కళ్లను నేనే నమ్మలేదు. దాహానికి ఇవ్వని నీళ్లు శకునానికి ఇచ్చింది. ఆ విధంగా మేం మా ఊరి చెరువులో స్నానానికి ఇంట్లోంచి నీళ్లు మోసుకుని బయల్దేరాం.

జట్కా సాయిబు బిందె చూసి గుర్రాన్ని అదిలించడం మరిచిపోయాడు.

"ఏమన్నా, చెరువుకు నీళ్లెత్తకపోతాండారే! ఆడ తక్కువ పడినాయా?"

నాయన నవ్వేశాడు. దారంతా బిందె తొణికి అత్త చీర తడిసింది. అత్త ఊరుకునే మనిషి కాదు, తడిసిన ప్రతిసారీ ఒక మాట అంది. ఆ మాటలన్నీ అమ్మకే. అమ్మ మాత్రం బిందెను రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని, మూతిని అరచేత్తో మూసి, దారివైపే చూస్తూ కూర్చుంది. ఆమె మొహం అంత తేటగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇసుక మేట దగ్గర దిగాం. ఇసుక ఉంది. దాని అంచున ఉండవలసిన నీళ్లు లేవు. ఇసుక తర్వాత నెర్రెలిచ్చిన ఒండ్రు, ఒండ్రు తర్వాత పచ్చి బురద, బురదలో ఎవరో వేసుకున్న దోసతీగలు. ఆ అవతల ఎక్కడో, ఎనుముల మంద పడుకుని ఉన్నచోట, తెల్లగా కొంచెం మెరుస్తోంది. మా చెరువు అది.

అత్తే ముందుగా తేరుకుంది. "ఎండెక్కుతాంది, బువ్వన్నా తిందాం పాండి" అంది. తుమ్మచెట్టు నీడలో దుప్పటి పరిచారు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ఒక్కతే ఆ మెరుపు వైపు నడిచింది. నేను వెంట పోబోతే నాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. బురదలో మోకాలి దాకా దిగబడుతూ, కాళ్లు పైకి లాక్కుంటూ ఆమె ఎనుముల దాకా పోయింది. అక్కడ నీళ్లు ఆమె పిక్కల కింద వరకే ఉన్నాయి. వంగి దోసిట్లోకి కొంచెం తీసుకుంది, చూసింది, వదిలేసింది. తిరిగి వచ్చింది.

ఇక్కడ మేం చిత్రాన్నం తిని, తెచ్చిన బిందెలోంచి నీళ్లు తాగి, చేతులు కడుక్కుంటున్నాం.

"చూస్తిరా, బిందె నిండుగా తెచ్చింది ఎంత మంచిదాయెనో! లేకుంటే తాగేదానికి గూడా దిక్కులేదు" అన్నాడు నాయన. నిజంగా సంతోషంగా అన్నాడు.

అమ్మ కాళ్లకు నల్లటి బురద. కడుక్కుందామని బిందె మీద చెయ్యి వేసింది. "తాగే నీళ్లు కాళ్లకు పోస్తావా?" అని అవ్వ అంది. అమ్మ చెయ్యి తీసేసింది. ఒక పుల్ల ఏరుకుని, పక్కకు తిరిగి కూర్చుని ఆ బురదను గీక్కుంది.

తిరుగు జట్కాలో నాకు ఆగలేదు. అందరి ఎదుటా నాయన మీద అరిచాను. "యాడికి పోతాది, యాడికి పోతాది అంటివి గదా! పోయింది గదా! అమ్మ చెప్పలేదా?" అవ్వ నా తొడ గిల్లింది. ఆడపిల్లకు అంత నోరేమిటని అత్త మొదలుపెట్టింది. నాయన రోడ్డు వైపు మొహం తిప్పుకుని, "వచ్చే యేడు నిండుతాదిలే" అన్నాడు. అమ్మ ఒక్క మాటే అంది.

"ఊరుకో పాపా."

వచ్చే ఏడు నిండలేదు. ఆ మరుసటి ఏడూ నిండలేదు. దోసతీగల తర్వాత ఆ బురదలో కూడా ఏమీ మొలవలేదు. పిల్లలు అక్కడ బిళ్లంగోడు ఆడుకున్నారు. అమ్మ తుంగభద్ర కథ చెప్పడం ఎప్పుడు మానేసిందో నాకు సరిగ్గా గుర్తులేదు. ఒకసారి నేనే అడిగాను, దోసకాయల సంగతి చెప్పమని. "ఎప్పటి మాటో అది, యాడ గుర్తుంటాది" అని కండె చుట్టుకుంటూ లేచిపోయింది. ఇంట్లో రేపటి బిందెకు మూత పెట్టే పని అవ్వ చేతిలోంచి ఆమె చేతికి వచ్చింది. అవ్వ కన్నా జాగ్రత్తగా పెట్టేది.

నేను చదువుకుని ట్రైనింగ్ చేసి, ఎనభైలలో కంబదూరు స్కూల్లో టీచరుగా చేరాను. అవ్వ అప్పటికి లేదు, అయినా నేను ఇంటికొస్తే వాళ్ల మాటలు నా ద్వారానే నడిచేవి. ఒక శనివారం మధ్యాహ్నం బస్టాండులో కండక్టరు ఎవరితోనో అంటుంటే విన్నాను. "ధర్మవరం చెరువు మరువ పారతాందంట." ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం మొదటి బస్సుకు బయల్దేరి, పది గంటలకల్లా ఇంట్లో ఉన్నాను.

అమ్మా నాయనా మగ్గం మీద ఉన్నారు. గుంతకు ఎప్పుడో సిమెంటు చేయించారు, ఇప్పుడు ఊట బాధ లేదు. పొద్దున్నుంచీ నేస్తున్నట్టున్నారు. నేను సంచి కూడా దించలేదు.

"అమ్మా, చెరువు నిండింది. లెయ్, పోదాం."

అమ్మ తలెత్తలేదు. తన పక్క నాడె వేసింది.

"ఇప్పుడా? ఈ ఎండకా? మీ నాయనకు చేతినిండా పని. కొంగు పడినాక తీరిగ్గా పోదాంలే." పోగు సరిచేసుకుంటూ తాపీగా ఇంకో మాట అంది. "చెరువు యాడికి పోతాది?"

ఎత్తిపొడుపు కోసం అనలేదు. అని ఉంటే నేను నవ్వేదాన్ని. ఊరికే, రోజూ అనే మాటలాగా అంది. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్లూ నాయన మీద పెట్టుకున్న కోపమంతా ఏం చెయ్యాలో తెలియక, ఆమె మీదే అరవడానికి నోరు తెరిచాను.

అప్పుడు మగ్గం ఆగింది. అమ్మ తన నాడె వేసి చూస్తోంది, అవతలినుంచి రావలసిన నాడె రావడం లేదు. నాయన దాన్ని చీర మీద పెట్టేశాడు. అంచులో పువ్వు సగంలో ఉంది. పువ్వు సగంలో ఉండగా మా నాయన లేవడం నేను ఎన్నడూ చూడలేదు. ఇంటికి చుట్టాలొచ్చినా, ఆయనకే జ్వరమొచ్చినా, పువ్వు ముగించే లేచేవాడు. ఆ రోజు గుంతలోంచి కాళ్లు పైకి తీసుకుని, లుంగీ దులుపుకుని నిలబడ్డాడు.

"పోతాది" అన్నాడు. నాతో కాదు, నేరుగా అమ్మతోనే అన్నాడు. "ఆ పొద్దు పోలేదా? నేనే గదా పోగొట్టింది. లెయ్."

"పువ్వు సగంలో ఉండాది..." అంది అమ్మ.

"ఉండనీ."

ముదిగుబ్బకు కార్డు రాయలేదు. చిత్రాన్నం కలపలేదు. నేను వీధి చివర జట్కా పిలుచుకుని వచ్చేసరికి నాయన వంటింట్లోంచి బిందె తీసుకుని గడప దాటుతున్నాడు. ఖాళీ బిందె. పట్టపగలు, ఎదురింటివాళ్లంతా చూస్తుండగా, మా నాయన దాన్ని చంకన పెట్టుకుని జట్కా ఎక్కాడు.

ఇసుక మేట అంచు దాకా నీళ్లు వచ్చి ఉన్నాయి. అమ్మ పాదాలు మునిగేంత లోతులో చాలాసేపు నిలబడింది. మరిచిపోయిందేమో, భయపడుతోందేమో, ఇప్పుడు ఇంటికి పోదామంటుందేమో అనుకున్నాను. ఆమె చీర గోచీ పోసుకుని, కొంగు నడుముకు బిగించి, నా వైపు తిరిగింది.

"ముందు నేనొకసారి పోయొస్తా పాపా. తర్వాత నీకు."

నడుము లోతుకు నడిచింది. ఆ తర్వాత ఆమె లేదు. నేను అరిచేలోపే అంత దూరాన తల తేలింది. జుట్టు ముడి విడిపోయి వీపున పరుచుకుంది. చేతులు ఒకదాని వెంట ఒకటి తొందర లేకుండా లేస్తున్నాయి, పడుతున్నాయి. అమ్మకు ఈత వచ్చని నేను ఎన్నోసార్లు విన్నాను. చూడడం అదే మొదలు. ఇరవై ఏళ్లు దాటిన కాపురంలో నాయన చూడడం కూడా అదే మొదలు. ఆయన బిందెను రెండు చేతుల్తో పొట్టకు ఆనించుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. లుంగీ తడుస్తున్న సంగతి ఆయనకు తెలియలేదు.

అమ్మ ఇంకా దూరం పోయింది. తల చిన్నదైపోయింది. నాయన ఒక అడుగు ముందుకు వేశాడు, ఆగాడు. ఈత రాదు కదా.

"పాపా" అన్నాడు. "చాలంట, వెనక్కి రమ్మని మీ యమ్మకు చెప్పు."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఇద్దరి మధ్యా మాటలు మోశాను. ఒక్క మాట కూడా కింద పడెయ్యలేదు.

"నేను చెప్పను నాయనా" అన్నాను. "కావాలంటే నువ్వే చెప్పు."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆమె తనంతట తాను తిరిగి వచ్చేదాకా ఆ ఖాళీ బిందె పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.